నీళ్లవైపు చూడాల్సిన సీల్

జంగయ్య స్క్రూడ్రైవర్ కొనకు గుడ్డపీలిక చుట్టి, షాఫ్ట్ మీద గీత పడకుండా పడవ మోటారులో దాని చుట్టూ బిగిసిన పాత రబ్బరు సీళ్లను పైకి ఎత్తుతున్నాడు. షాఫ్ట్ తిరిగే క్రాంక్‌కేస్ పెట్టె అడుగు నుంచి ఒకటి, దాని వెనకే ఇంకొకటి ఊడివచ్చాయి.

"రేపు పొద్దున ఏడింటికి పడవ సరూర్‌నగర్ చెరువులో దిగాలండీ," అన్నాడు బాపిరాజు, స్టూలు మీద కుదురుగా కూర్చోలేక. గుర్రపుడెక్క తీసే పని అతనికి కొత్తగా దొరికింది. మోటారు నడవకపోతే ఆ పని ఇంకో పడవకు పోతుంది. "ముగ్గురు మెకానిక్కులు పడవ మోటార్లు మాకు రావన్నారు."

"నాకూ రావు. టూ స్ట్రోక్ ఇంజన్ వస్తది, పాత స్కూటర్లల ఉండేది గదే."

జంగయ్యది నల్గొండ దిక్కు పల్లె. దిల్‌సుఖ్‌నగర్ వెనక సందులో ముప్ఫై ఏళ్లుగా పాత స్కూటర్లు విప్పి, బిగించి, తనంతట తనే పని నేర్చుకున్నాడు.

సీళ్ల మీద నంబర్లు చెరిగిపోయాయి. కొలిచి, అదే కొలతవి ఆటో స్పేర్ల దుకాణంలో తెచ్చాడు. స్కూటర్‌కు పెట్టినట్టే రెండింటి పెదవులూ, అంటే షాఫ్ట్‌ను పట్టుకునే మెత్తటి అంచులు, లోపలికి తిప్పి, సాకెట్ పానా ఆనించి సమంగా దిగగొట్టాడు.

"అయిపాయెనా జంగన్నా? చాయ్ సల్లారుతది," అని పక్క బండి నుంచి ఈరమ్మ కేకేసింది.

"అయిపాయె," అంటూ గ్లాసు అందుకోబోయి ఆగాడు. ట్రేలో పాత సీల్ ఒకదాని పెదవి చుట్టూ ఉన్న సన్న స్ప్రింగ్ నిండా నూనె మసి. రెండోదాని నిండా తుప్పు, ఎండిన బురద.

"రాజుగారూ, తప్పు నాదే. ఒకటి లోపలి గాలిని ఆపాలె, ఇంకోటి బయటి నీళ్లను ఆపాలె. స్కూటర్‌కు నీళ్లెక్కడియి? అలవాటుల రెండూ ఒక్కదిక్కే పెట్టిన."

బాపిరాజు మొహం వాడిపోయింది. "ఇప్పుడెలాగండీ?"

"బయటిది తీసుడే. తీస్తే చెడిపోతది. ఇంకోటి తేవాలె."

"ఉండనీ, రేపటికైతే నడుస్తది గదా," అంది ఈరమ్మ.

"రేపు నడుస్తది. ఎల్లుండి బేరింగ్‌ల నీళ్లు పోతయి. చెరువు నడుమ ఆగితే నువ్వు ఈదుకుంట పోయి చాయ్ ఇస్తవా?"

"నీకైతే ఇయ్య. ఆయనకిస్తా."

బాపిరాజు పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు.

దుకాణం షట్టర్ సగం దించుతుండగా జంగయ్య చేరుకున్నాడు. తెచ్చిన సీల్ పెదవిని ఈసారి బయటికి తిప్పి దింపాడు. సైకిల్ పంపుతో క్రాంక్‌కేస్‌లోకి గాలి కొట్టి, చుట్టూ సబ్బు నురగ పూశాడు. ఒక్క బుడగ లేవలేదు. అంతా బిగించి, నీళ్ల డ్రమ్ముకు మోటారు తగిలించి తాడు లాగాడు. మూడోసారి లాగేసరికి పొగ కక్కింది. దగ్గింది. తర్వాత ఒకే ధాటిన మోగింది. పావుగంట అలాగే నడిపి చూశాడు.

ఇద్దరూ కలిసి దాన్ని ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు.

"మొదటి గంట పూర్తి జోరు మీద తోలకుండ్రి. పెట్రోల్‌ల ఆయిల్ కలుపుడు మర్వకుండ్రి."

"అలాగేనండీ, జంగయ్యగారూ," అంటూ బాపిరాజు మోటారును ఒడిసిపట్టుకుని కూర్చున్నాడు. ఆటో సరూర్‌నగర్ వైపు తిరిగింది.