హారనక్క కోపం

చెయ్యి ఎప్పుడూ హారన్ మీదే ఉంటుందని డిపోలో ఆమెను హారనక్క అంటారు. ఎదురుగా కాదు, ఎదురుగా అనే ధైర్యం ఎవరికుంది? పద్నాలుగేళ్లుగా సిటీ బస్సు నడుపుతోంది. ఇన్నేళ్లలో ఒక్క మనిషికి గీత కూడా పడనివ్వలేదు. అదంతా తన కోపం చలవేనని ఆమె నమ్మకం. ఫుట్‌పాత్ మీద ఫ్రిజ్జులు పేర్చే కొట్టువాడి మీద కోపం. మిగిలిన జానెడు జాగాలో బండి నిలిపి ఫోను మాట్లాడే పెద్దమనిషి మీద కోపం. వాళ్ల పుణ్యమా అని రోడ్డెక్కి పరుగెత్తేవాళ్ల మీద ఇంకా కోపం. అందరికన్నా ఎక్కువ కోపం సొంత చెల్లెలి మీద.

చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. డ్యూటీకి ముందు ఐదు కిలోమీటర్లు పరుగెత్తకపోతే ఆమెకు తెల్లవారదు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, చెవుల్లో పాటలు. పైగా బళ్లకు వీపు పెట్టి పరుగు.

"బళ్లకి ఎదురుగా పరుగెత్తవే! వచ్చేది కనపడొద్దా? ఆ చెవుల్లోవి తీసి అవతల పారెయ్" అని అక్క నెత్తీ నోరూ కొట్టుకునేది.

"సరే అక్కా" అనేది చెల్లెలు, నిమ్మకు నీరెత్తినట్టు.

ఆ 'సరే' వింటేనే ఒళ్లు మండేది. ఉండబట్టలేక, లైటు పడితే మెరిసే పసుపు చొక్కా కొనిచ్చింది. వారం తిరక్కుండా అది కిటికీలు తుడిచే గుడ్డ అయింది. ఆ రోజు ఇంట్లో రేగిన గొడవకి పక్కింటివాళ్లు కూడా తలుపులేసుకున్నారు.

ఒకనాడు తెల్లవారుతుండగా మొదటి ట్రిప్పు. మార్కెట్ దగ్గర బస్సు మలుపు తిరుగుతోంది. వెనక నుంచి ఒక ముసలాయన కేకపెట్టాడు.

"ఆపమ్మా, ఆపు! నా సంచి స్టాపులోనే మర్చిపోయా!"

"మలుపులోనా ఆపేది? బుర్ర కూడా అక్కడే మర్చిపోయారా?" అంటూనే ఆమె బ్రేకు తొక్కింది.

బస్సు ఆగింది. బస్సు ముందు అద్దం అంచున పైకప్పును మోసే లావుపాటి ఇనుప స్తంభం చాటునుంచి, బంపరుకు జానెడు దూరంలో, చెల్లెలు బయటికొచ్చింది. రోడ్డు దాటుతూ, చెయ్యి ఊపుతూ, నవ్వుతూ.

హారనక్క గుండె జారిపోయింది. మరుక్షణం అరికాలి మంట నెత్తికెక్కింది. కిందికి దూకి, చెల్లెలి చెవుల్లోవి పీకి నేలకేసి కొట్టింది.

"చచ్చేదానివే! తెలుస్తోందా నీకు?"

"ఎందుకక్కా అంత అరుస్తావ్? ఈ టైముకి నువ్వే వస్తావని తెలుసు. నంబరు కూడా చూశాను. వేరేవాళ్లైతే ఆగేదాన్నే. నువ్వు చూసి ఆపావుగా!"

ముసలాయన మెల్లగా దిగి, "ఇప్పుడే వస్తానమ్మా" అంటూ స్టాపు వైపు నడిచాడు. అక్క ఆయన్నే చూస్తూ నిలబడింది. ఇంతకాలం ఊళ్లో అందరినీ తిట్టింది, తన కళ్లను మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది.

"నేను నిన్ను చూళ్లేదే" అంది. "ఆ స్తంభం చాటునే వచ్చావ్. బస్సు తిరిగినకొద్దీ నువ్వూ దాని చాటునే ఉన్నావ్. ఆయన సంచి కోసం ఆపాను. నీకోసం కాదు."

చెల్లెలి మొహంలో నవ్వు ఆరిపోయింది. బంపరు వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"బండి ఆగి, లోపలున్నవాళ్లు నీ కళ్లలోకి చూసేదాకా అడుగెయ్యకు" అంది హారనక్క. "నన్ను కూడా నమ్మకు."