నేను పడుకున్న బల్ల మీదే విందు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, అన్నం వాసనొస్తే ముఖం తిప్పుకొనే మనిషి ఎలా బతుకుతుందో మీకు తెలుసా? నేనలా బతికాను. నా పేరు మార్తమ్మ, మాది ఈ అరకు కొండల్లోనే, ముందటేడు వానల్లో నాకు మలేరియా వచ్చింది, జ్వరమైతే మందులకి తగ్గింది గాని పోతూ పోతూ నా ఆకలిని, నాలిక మీది రుచిని కూడా పట్టుకుపోయింది. ముద్ద నోట్లో పెడితే మట్టి పెట్టినట్టుండేది, గొంతు దిగేది కాదు, దిగినా నిలిచేది కాదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, లోపల ఏ తేడా లేదమ్మా, మెల్లగా తినడం అలవాటు చేసుకో అన్నారు. తినగలిగితే నేను ఆసుపత్రికెందుకెళ్తాను చెప్పండి!

ఇంటికొచ్చాక మా ఆయన పనస చెక్కతో పొడుగాటి బల్ల ఒకటి చేసి అరుగు మీద వేశాడు, కాస్త ఎండ తగులుతుందని. ఆ బల్ల మీద పడుకునే వాన చూశాను, మంచు చూశాను, మళ్లీ ఎండలూ చూశాను. ఎముకలు గుచ్చుకుని ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిరగలేకపోయేదాన్ని. ఇదే నా పాడె అనుకున్నాను, అబద్ధం ఎందుకు చెప్పాలి! "ప్రభువా, తీసుకుపోతావా, తీసుకుపో. ఉంచుతావా, అందరితో కూచుని ఒక్క ముద్ద తినేలాగ ఉంచు" అని ఏడ్చి ప్రార్థన చేసేదాన్ని.

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది మా ఆయన అక్క, సోములమ్మ వదిన. ఆవిడ మన చర్చి గుమ్మం తొక్కిన మనిషి కాదు, ఊరి దేవతనే కొలుచుకుంటుంది. అయినా తెల్లారితే చోడి అంబలి, అదే రాగి జావ, పట్టుకొచ్చి, "తాగే మరదలా, బేగి తాగు, నాకు పొలం పనుంది" అని కసురుతూ నాలుగు గుటకలు మింగేదాకా కదిలేది కాదు. ఆ గుటకలే నాకు ఊపిరి.

ఇలాగుండగా నిరుడు, వలిసె చేలు పసుప్పచ్చగా పూసిన రోజుల్లో, నేను లేచి నాలుగడుగులు వేస్తున్నాను గాని తిండి మాత్రం అదే అంబలి. ఆసుపత్రిలో నా మంచం పక్కన నిలబడి ప్రార్థన చేసిన విశాఖ సహోదరీలు నన్ను చూడ్డానికి రైల్లో వస్తామని కబురు పెట్టారు. కొండ సొరంగాలన్నీ దాటి రైలు వచ్చేసరికి టిఫిన్ వేళ దాటిపోతుంది, భోజనం వేళ అవ్వదు. మా గుంట ఎస్తేరు టూరిస్టుల రిసార్టులో పనిచేస్తుంది, "అమ్మా, బ్రంచ్ పెడదాం, గ్రేజింగ్ బోర్డు వేద్దాం" అని ఫోన్లో ఫోటో చూపించింది. పెద్ద చెక్క మీద రొట్టెలు, పళ్లు, పచ్చళ్లు అన్నీ పక్కపక్కనే పరిచేసి, వచ్చినోళ్లు చుట్టూ నిలబడి కావలసింది తీసుకు తినడమట. "మనుషులకి ఇదేటి మేతే!" అన్నాను. అంత చెక్క ఎక్కడుందంటే అది అరుగు వైపు చూసింది. నా పాడె మీద విందా అనుకున్నాను. సరే, కుంకుడు రసంతో తోమి, వేణ్ణీళ్లు పోసి, ఎండబెట్టి, దాని మీద అడ్డాకులు పరిచాం.

నాకు ఉప్పు తెలీదు కాబట్టి రుచి చూడ్డానికి వదిన తెల్లారే వచ్చింది. ఎస్తేరు బల్ల నడుమ తేనె గిన్నె పెట్టి, చుట్టూ సీతాఫలాలు, అరటిపళ్లు, చిలగడదుంపలు సర్ది, సందుల్లో వలిసె పూలు గుచ్చి, ఉడికించిన కొత్త చిక్కుళ్లు, కొత్త చోళ్ల రొట్టెలు తెచ్చి కుప్ప పోసింది. మన సంఘంలో ప్రథమ ఫలాలు దేవునికి ఇచ్చేశాం గనుక కొత్త పంట తినొచ్చా అన్న ఆలోచనే మాకు లేదు. ఎస్తేరు ఉప్పు చూడత్తా అంటే వదిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "మాకింకా కొత్త అవ్వలేదే గుంటా" అని వాకిట్లో రాయి మీద కూచుని సుట్ట ముట్టించుకుంది. కొత్త పండగ చేసి దేవతకి పెట్టనిదే వాళ్లు కొత్త పంట నోట పెట్టరు, మీకు తెలిసిందే.

సహోదరులారా, అందరూ తింటుంటే ఒక్కరు ఊరికే కూచోడం ఎలాగుంటదో నాకంటే ఎవరికి తెలుసు! నన్ను బతికించిన మనిషి నా బల్ల ముందు పస్తుంటుందా? "ఎస్తేరూ, కొత్తవన్నీ తీసెయ్" అన్నాను. బోర్డు బోసిపోతుందని అది లబోదిబోమంది. పాత చోడి పిండితో మళ్లీ రొట్టెలు కాల్చాం. వదిన సుట్ట పారేసి లేచొచ్చి, పాత వలిసె గింజలు వేయించి గబగబా పచ్చడి నూరేసింది, రుచి చూసే తీరిక కూడా లేదు, రైలు కూత వినబడిపోయింది.

సహోదరీలు వచ్చి, ప్రార్థన చేసి, బల్ల చుట్టూ నిలబడ్డారు. "రా వదినా, దీని మీద కొత్తదేదీ లేదు" అన్నాను. ఆవిడ నన్నే చూసి, "నువ్వు తిను. నీ ఎనకాల నేను తింతాను" అని రొట్టె తుంపి, పచ్చట్లో అద్ది, తన చేత్తో నా నోటి దగ్గర పెట్టింది. అయ్యో, నాకెంత భయమేసిందో! అందరి ముందూ కక్కేస్తానేమో! "యేసయ్యా, ఈ చెయ్యి నన్ను ఏడాదంతా మోసింది, దీని ముందు నన్ను సిగ్గుపడనియ్యకు" అని కళ్లు మూసుకుని నోరు తెరిచాను.

నమిలాను. మింగాను. కళ్లు తెరిచాను.

"వదినా, ఉప్పు సాలలేదు" అన్నాను.

"ఏటన్నావే?"

"ఉప్పు సాలలేదు, కారం ఎక్కువైంది."

ఓలమ్మో అని ఆవిడ నన్ను వాటేసుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను, సహోదరీలు హల్లెలూయా అన్నారు, ఎస్తేరు ఉప్పు డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. దేవునికే మహిమ! ఆ రోజు నేను రెండు రొట్టెలు తిన్నాను.

వదిన ఇప్పటికీ చర్చికి రాదు. "మీ దేవుడు మంచోడేనే" అంటుంది, అంతే. నేను రోజూ ఆవిడ కోసం ప్రార్థన చేస్తాను, ఆవిడ రోజూ నేను తిన్నానా లేదా అని అడుగుతుంది. మీలో ఎవరికైనా బతుకు మీద రుచి పోయిందా? నా ప్రభువుని అడగండి, తప్పక ఇస్తాడు. అయితే ఆయన ఎవరి చేత్తో తినిపించాలో మాత్రం మీరు చెప్పకండి.

ప్రార్థన అయ్యాక ఎవరూ వెళ్లిపోవద్దు. బయట అదే బల్ల వేశాం, వదిన వాళ్ల కొత్త పండగ అయ్యేదాకా ఆగి మరీ వేశాం, ఆవిడ అక్కడే మీ కోసం చూస్తోంది. వలిసె పచ్చడి ఉంది. ఉప్పు నేనే చూశాను.