మోగని కీబోర్డు, అయ్యగారి పాదాలు

సావాయి దీవిలోని ఫాలేతాలా ఊళ్లో ఏది ఆగిపోయినా ఇయోనాకే కబురు వెళ్తుంది. రేడియో కానీ, పడవ ఇంజను కానీ, అన్నం వండే కుక్కరు కానీ ఆయనకి అన్నీ ఒకటే. ముప్పయ్యేళ్లు ఫెర్రీ ఇంజను గదిలో పనిచేసి, వినికిడి సగం అక్కడే వదిలేసి ఇంటికొచ్చాడు. ఆ ఊళ్లో మగాళ్లు సభలో లేచి నిలబడ్డారంటే సామెత మీద సామెత వేసి గంటదాకా కూర్చోరు. ఇయోనా మాత్రం రోజు మొత్తం మీద పట్టుమని పది మాటలాడడు. అందులో ఆరు యంత్రాలతోనే.

ఆయన పేరుకి ఒక్క మచ్చ ఉంది. పదేళ్ల కిందట ఆడవాళ్ల సంఘం ఫ్రిజ్జు చల్లబడటం లేదంటే రెండు రోజులు కూర్చుని ముక్కముక్కలుగా విప్పాడు. మూడో రోజు భార్య మోయెలాంగి వచ్చి, అసలు ప్లగ్గే గోడకి పెట్టలేదని చూపించింది. అప్పట్నుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నాడు: ముందు గోడ, తర్వాత తీగ, అన్నిటికన్నా చివర పొట్ట. మోయెలాంగి కూడా ఒక నియమం పెట్టుకుంది, ఆ ఫ్రిజ్జు సంగతి ఊరివాళ్లెవరూ మరిచిపోకూడదని.

ఆ శనివారం పొద్దున చర్చిలో కీబోర్డు వెలగలేదు. మర్నాడు చర్చి కట్టిన రోజు పండుగ. పొరుగూరి పాటగాళ్లు నలభై మంది తెల్లబట్టలు కట్టుకుని దిగబోతున్నారు. ఈ ఊరి పాటగాళ్లకి పెద్ద మోయెలాంగే. ఇయోనా సంచీతో వచ్చేసరికి, లావు గొంతుతో పాడే పీలీ అప్పటికే కీబోర్డుని రెండుసార్లు చరిచాడు.

"ఎందుకు కొట్టావు?" అన్నాడు ఇయోనా.

"మా ఇంట్లో టీవీ అలాగే వస్తుంది," అన్నాడు పీలీ.

ఇయోనా ముందు గోడ చూశాడు. అదే సాకెట్టులో ఫ్యాను పెడితే గిర్రున తిరిగింది. తర్వాత తీగ. అడాప్టరు కొసకి మీటరు పుల్లలు ఆనిస్తే పన్నెండు చూపించింది, కీబోర్డుకి కావలసిందీ పన్నెండే. వెనక బ్యాటరీల అర తెరిచాడు. బ్యాటరీలు లేవు, తుప్పుపట్టిన స్ప్రింగుల మధ్య రెండు బల్లి గుడ్లున్నాయి. ఇక మిగిలింది పొట్టే. ఆయన స్క్రూడ్రైవరు తీశాడు.

"ఏమయ్యా, విప్పితే రేపటికి మళ్లీ మూస్తావా, లేక ఫ్రిజ్జులాగా మూడో రోజు నేను రావాలా?" అంది మోయెలాంగి. పాటగాళ్లందరూ ఒకే శ్రుతిలో నవ్వారు.

ఆ నవ్వుకే ఆయన చెయ్యి ఆగింది. కళ్లజోడు పెట్టుకుని, తీగ దూరే కన్నం పక్కనున్న చిన్న బొమ్మ చూశాడు. ప్లస్సు బయట ఉండాలి, మైనస్సు లోపల. మళ్లీ మీటరు పెట్టాడు. పన్నెండుకి ముందు, ఉండకూడని చోట ఒక చిన్న మైనస్సు గీత ఉంది. ఇందాక దాన్ని గీతే కదా అని వదిలేశాడు. ఇది ఈ కీబోర్డు అడాప్టరు కాదు, ఎక్కడిదో తిరగబడ్డది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మోకాళ్ల తైలం.

ఆ తైలం ఊళ్లో ఒక్కరే రాస్తారు, పాస్టరు ఫెరెతిగారు. పోయిన బుధవారం ఆడవాళ్ల ప్రార్థనకి కీబోర్డుని ఆయన వరండాలోనే పెట్టారు. ఆక్లాండు నుంచి ఆయన చెల్లెలు పంపిన కాళ్లు పిసికే యంత్రం కూడా అక్కడే ఉంది.

ఇయోనా చెమటలు తుడుచుకున్నాడు. పరికరం బాగుచేయడం పెద్ద పని కాదు. అయ్యగారి దగ్గరికెళ్లి తప్పు మీదే అనడం ఎలా? బిరుదులున్న పెద్దమనిషైతే ఒక గంట సామెతల్లో చుట్టి చుట్టి చెప్పుకొస్తాడు. తనకి ఉన్నవి పది మాటలు, వాటిలో అప్పటికే రెండు పీలీ మీద ఖర్చయ్యాయి.

"ఇంటి నుంచి ఒకటి తేవాలి," అని చెప్పి అడాప్టరు జేబులో వేసుకుని బయల్దేరాడు. ఎవరింటి నుంచో చెప్పలేదు.

అయ్యగారు వరండాలో, రెండు పాదాలూ యంత్రంలో పెట్టుకుని, మొహం చిట్లించుకుని కూర్చున్నారు.

"రా నాయనా. ఈ మాయదారిది మొదట్లో మడమ నుంచి వేళ్లకి మెత్తగా దువ్వేది. బుధవారం నుంచి ఏం పాపం చేశానో, వేళ్ల నుంచి మడమకి ఎదురు దువ్వుతోంది. పిల్లి బొచ్చు తిరగదువ్వినట్టుంది."

"చూడమంటారా అయ్యగారూ?"

ఇయోనా వంగి, యంత్రం కింద చెయ్యి పెట్టి, ఉన్న అడాప్టరు పీకి, జేబులోది తగిలించి, పీకినది జేబులో వేసుకున్నాడు. యంత్రం మడమ నుంచి వేళ్లకి తిరిగింది. అయ్యగారి మొహం విచ్చుకుంది.

"చెయ్యి పెట్టగానే బాగైపోయిందే. ఏమైంది దీనికి?"

"తిరగబడింది అయ్యగారూ."

"ఆ జేబులో ఉన్నదేమిటి?"

ఇయోనా తీగ కొసని లోపలికి నెట్టుకున్నాడు. "నాదే," అన్నాడు. అయ్యగారు ఆయన వంక కొంచెం ఎక్కువసేపే చూసి, కళ్లు మూసుకుని కాళ్లు చాపుకున్నారు.

చర్చిలో కీబోర్డు వెలిగింది. వెలగడంతోనే దానిలో దాచి ఉన్న డ్యాన్సు పాటొకటి గట్టిగా మోగి, పీలీ నడుం ఊపేదాకా ఆగలేదు.

"ఇంతకీ ఏం రోగం?" అంది మోయెలాంగి.

ఇయోనాకి గుడ్లు గుర్తొచ్చాయి. "బల్లి," అన్నాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక, అతిథుల ముందు అయ్యగారు లేచారు. అప్పటికే బల్లి కథ ఊరంతా తిరిగి, మూరెడు బల్లి అయింది.

"కీబోర్డుని ఆపిన బల్లి గురించి మీరంతా విన్నారు," అన్నారాయన. "దాన్ని నేను బాగా ఎరుగుదును. దానికి మోకాళ్ల నొప్పులు, కాళ్లు యంత్రంలో పెట్టుకుని కూర్చుంటుంది. తీగలు తారుమారు చేసింది నేనే. ఇయోనా నా పరువు జేబులో పెట్టుకుని మోసుకెళ్లాడు, పాపం, తీగ కొస బయటికి కనబడుతూనే ఉంది."

చర్చి గొల్లుమంది. పొరుగూరివాళ్లు తెల్లబట్టలు నలిగేలా నవ్వారు. ఇయోనా చెవులు ఎర్రబడి, ముందు బెంచీ కింద ఏదో పడిపోయినట్టు వెతికాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మోయెలాంగి భర్త పక్కన కూర్చుంది.

"రోజుకి పది మాటలాడతావు, అందులో ఒకటి అబద్ధం. అదీ దేవుడి గుళ్లో, నాతో."

"నిజం పొడుగ్గా ఉంది," అన్నాడు ఇయోనా.

ఆమె నవ్వాపుకుంటూ, కొబ్బరిపాలు ఎక్కువ పట్టిన చేమాకు ముద్ద ఏరి ఆయన పళ్లెంలో వేసింది. అంతలో పీలీ చంకలో టీవీతో గేటు తోసుకుని లోపలికొస్తున్నాడు.