ఆరో మంచం గుండె

వార్డులో జూనియర్లంతా అతన్ని పెద్దన్న అంటారు. అతనితో పాటు వైద్యవిద్యలో చేరినవాళ్లు ఎప్పుడో డాక్టర్లయి వెళ్లిపోయారు. ఫైనల్ ప్రాక్టికల్స్‌లో మూడుసార్లు తప్పిన పెద్దన్న మాత్రం, మోచేతుల దగ్గర పలచబడ్డ తెల్లకోటుతో అక్కడే మిగిలిపోయాడు. రోగి ఒంటికి చల్లగా తగలకూడదని స్టెతస్కోపు బిళ్లను అరచేతిలో రుద్ది, వెచ్చబడ్డాకే ఆనిస్తాడు. తడబాటంతా ఆ తర్వాతే. నాలుగోసారి పరీక్షలో అతనికి ఆరో మంచం తాత కేసు పడింది. గుండె జబ్బున్న ఆ తాతను ఏటా విద్యార్థుల పరీక్షల కోసమే పిలిపిస్తారు. ఎగ్జామినర్ అటు తిరగ్గానే తాత గొంతు తగ్గించి, "ఎడమపక్క వాల్వు సన్నబడింది బాబూ. అందరూ అదే చెప్తారు, నువ్వూ చెప్పేసి గట్టెక్కు" అన్నాడు. పెద్దన్న కళ్లు మూసుకుని ఎంతసేపు విన్నా, తన గుండె దడే తప్ప మరేమీ చెవిన పడలేదు. "ఏం వినబడిందోయ్?" అన్నాడు ఎగ్జామినర్ వచ్చి. పెద్దన్న స్టెతస్కోపు చెవుల్లోంచి తీశాడు.

"ఏమీ వినబడలేదు సార్."

ఎగ్జామినర్ సున్నా వేసి వెళ్లిపోయాడు.

"చెప్పాను కదయ్యా!" అని తాత తల పట్టుకున్నాడు.

"వినబడకుండా ఎలా చెప్పను తాతా?"

"చెప్పినవాళ్లందరికీ వినబడిందనుకున్నావా?" అంటూ తాత, తర్వాతి విద్యార్థి కోసం మళ్లీ చొక్కా బొత్తాలు విప్పుకున్నాడు.