కరెంటు పోయిన పూట మా ప్రార్థన

నా చిన్నప్పుడు మహారాష్ట్రలోని భివండిలో మా ఇంటి ప్రార్థన అంటే గొంతు చించుకోవడమే. కామత్‌ఘర్ బస్తీలో మా గోడకు ఆనుకునే మరమగ్గాల కార్ఖానా ఉండేది. ఆ చప్పుడులో ఎవరి మాట వాళ్ళకే వినపడేది కాదు. సాయంత్రం కాగానే నాయనమ్మ, అమ్మ, నేను చాప మీద కూర్చుని ప్రభువు నేర్పిన ప్రార్థన అరిచినట్టే చెప్పేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పుడు మా బాపును, అంటే నాన్నను, చంపేశారు. కార్ఖానాలో ఇద్దరు కొట్టుకుంటుంటే విడదీయబోయాడు. అందులో ఒకడు ఇనుప రాడ్‌తో తల మీద కొట్టాడు. వాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు కానీ నా కడుపుమంట చల్లారలేదు. వాడి చేతులు పడిపోవాలని, వాడి పిల్లలూ నాలాగే ఏడవాలని రోజూ కోరుకునేదాన్ని.

శత్రువును క్షమించనివాళ్ళకు పరలోకం లేదని సండే స్కూల్లో పాఠాలు నేర్పే అక్క చెప్పింది. బాపు అక్కడే ఉన్నాడు కదా! అయినా ప్రార్థనలో, మాకు కీడు చేసినవాళ్ళను క్షమించామనే మాట వచ్చేసరికి నోరు పెగిలేది కాదు. ఉత్తినే పెదవులు కదిపేదాన్ని. మగ్గాల పుణ్యమా అని ఎవరికీ తెలిసేది కాదు. ఇక బాపును ఎన్నటికీ చూడనని లోలోపలే కుమిలిపోయేదాన్ని.

ఒకరోజు సరిగ్గా ఆ మాట దగ్గరికి రాగానే కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. అమ్మ గొంతు ఒక్కటే వినిపించింది. దొరికిపోయాననుకుని కళ్ళు తెరిచాను. గుమ్మంలోంచి ఇంకా కాస్త వెలుతురు పడుతోంది. నాకు ఆ ప్రార్థన నేర్పిన నాయనమ్మే నోరు గట్టిగా మూసుకుని ఉంది!

ఆమెన్ అన్నాక అమ్మ దీపం కోసం లేచింది. నాయనమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది.

“నువ్వు గూడ అంటలేవా బిడ్డా?”

“లేదు. ఇగ నాకు బాపు కనబడడా?” అని ఏడ్చాను.

“ఎందుకు కనబడడే పిచ్చిదానా! వాడు నా కడుపున పుట్టిన కొడుకు. నాకే రాని మాట నీకెట్లొస్తది? ఆ మాట కాడ ఊకుంటున్న గని, దేవుని ముంగట అబద్ధమైతే ఆడుతలేను గద. మన కడుపుకోత ఆయనకు తెల్వదా? వచ్చిననాడు అందాం. అందాక కోపమొస్తే రానియ్యి.”

బాపు పోయాక నేను కరువుతీరా ఏడ్చింది ఆ రోజే. తర్వాత మళ్ళీ మళ్ళీ అన్నం పెట్టించుకుని తిని, హాయిగా నిద్రపోయాను.

ఆ మాట నా నోటికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాయనమ్మకు ఎప్పుడు వచ్చిందో, అసలు వచ్చిందో లేదో, నేను అడగలేదు. ఇప్పుడు మా చర్చి సంఘంలో ఎవరింట్లోనైనా అలాంటి చావు జరిగితే అందరికంటే ముందు వెళ్తాను. వాళ్ళు శాపనార్థాలు పెట్టినా పక్కనే కూర్చుని వింటాను. ఎవరైనా వచ్చి, క్షమించండమ్మా అని మొదలుపెడితే మాత్రం ఊరుకోను. “జర ఆగుండ్రి, ముందుగాల ఏడ్వనియ్యుండ్రి” అంటాను.