ఆపి మళ్ళీ వేస్తే లేవని గంట

"కంప్యూటర్ స్విచ్చి ఎవరాపేరండీ? మీరేనా మామ్మగారూ?"

"ఆయ్, నేనే. అన్నానికి వెళ్తూ రోజూ ఆపుతాను. ఎవరూ చూడని పెట్టెకి కరెంటు దండగ కాదా?"

"మీరు లేనప్పుడు కాపలాకే కదండీ అది!"

"రోజూ స్విచ్చి వేస్తే దానంతటదే లేచేది అమ్మాయ్. ఈవేళ నువ్వేం చేసేవో చెప్పు ముందు."

ఉప్పలగుప్తం వైపు రొయ్యపిల్లల్ని పెంచే హేచరీలో నేను ట్యాంకుల అటెండరుని, అలా అడిగిన మేరీ టెక్నీషియను. నేను పని మానేసే ముందటి వానాకాలం సంగతిది. ట్యాంకులో గాలి తగ్గితే గంట కొట్టే ప్రోగ్రాం ఒక లినక్స్ కంప్యూటర్లో నడిచేది. తెరమీద కనపడకుండా వెనకాల పనిచేసే అలాంటివాటిని సర్వీసులంటారు. నేను చదివింది మూడో తరగతి. ఈ మాటలన్నీ విని నేర్చుకున్నవే.

ఆ మధ్యాహ్నం అన్నం తిని వచ్చి స్విచ్చి వేసేను. కాసేపటికి మూడో ట్యాంకు గాలిగొట్టం ఊడింది. గంట మోగలేదు. రొయ్యపిల్లలు నీళ్ళమీదకి తేలిపోతుంటే కంటితో చూసి, పరుగెత్తి గొట్టం తగిలించేను. అప్పటికే సగం పోయేయి. తప్పెవరిదైతే వాళ్ళు రేపట్నుంచి రానక్కర్లేదని మేనేజరుగారు కబురంపేరు. పన్నెండేళ్ళ పని.

మేరీ చూస్తే సర్వీసు ఆగి ఉంది. ఆ పొద్దున్నే పాత ప్రోగ్రాం తీసి కొత్తది పెట్టేననీ, స్టార్ట్ కూడా చేసేననీ చెప్పింది. నాకు పొలంలో మోటారు గుర్తొచ్చింది. పచ్చబటను నొక్కితే తిరుగుతుంది. కరెంటు పోయొస్తే మాత్రం ఆటోలో పెట్టిన మోటారే దానంతటది తిరుగుతుంది.

"దీన్ని ఆటోలో పెట్టేవా?" అన్నాను.

మేరీ మొహం పాలిపోయింది. స్టార్ట్ అంటే ఇప్పుడు నడపడం. కంప్యూటర్ లేచిన ప్రతిసారీ నడవాలంటే ఎనేబుల్ అని వేరే చెప్పాలిట. అది మర్చిపోయింది. గబగబా ఆ ఒక్క లైనూ కొట్టింది.

"మేనేజరుగారికి ఏం చెప్తారండీ?" అంది, గొంతు తగ్గించి.

"నీది నువ్వు చెప్పు. నాది నేను చెప్తాను."

సర్వీసు పెట్టినవాళ్ళు నడుస్తోందని చూసి వెళ్ళిపోకూడదు. ఒకసారి కంప్యూటర్ ఆపి, వేసి, చెయ్యి పెట్టకుండా నిలబడి చూడాలి. ఆపే అలవాటున్నవాళ్ళు ఆ పెట్టె ఎందుకుందో ముందు అడగాలి.

మర్నాడు పొద్దున్న ఎవరి తప్పు వాళ్ళం చెప్పుకున్నాక, మేనేజరుగారి ముందు కంప్యూటర్ ఆపి, మళ్ళీ వేసేను. మేరీ చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లల్లేని ట్యాంకులో గొట్టం లాగేను. గంట మోగింది. ఆయన ఇద్దర్నీ పనిలోకి పొమ్మన్నారు. స్విచ్చికి మాత్రం డబ్బా బిగించి, తాళంచెవి మేరీకిచ్చేరు.