నందిని ఊడ్చిన పొట్టు

జహీరాబాద్‌లో హైవేకు కాస్త లోపలగా ఉన్న ఆ కార్ఖానాలో తలుపులూ మంచాలూ చేసేది రామచందర్, అతని తమ్ముడు ప్రశాంత్. రంపం కింద రాలిన పొట్టు ఊడ్చేది మాత్రం రామచందర్ భార్య నందిని. ఝరాసంగం నుంచి కోడలిగా వచ్చిన కొత్తలోనే చీపురు ఆమె చేతికొచ్చింది. సాయంత్రం కాగానే పొట్టంతా వెనక జాగాలో కుప్పపోసి అంటించేది. పొగకు కళ్ళు మండేవి, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. ఆరేసిన బట్టలు కంపు కొడుతున్నాయని పక్కిళ్ళవాళ్ళు తిడితే ఆ తిట్లూ ఆమే పడేది. ఆ పనికి మెచ్చుకోలుగా ఒక్క మాట ఎవరి నోటా వినలేదు.

ప్రశాంత్‌ను పెళ్ళిచేసుకుని స్నిగ్ధ ఆ ఇంట అడుగుపెట్టాక పొగ ఆగింది. మొగుడంపల్లిలో ఆమెకు తెలిసిన యాదమ్మకు బర్రెలున్నాయి. కొట్టంలో పొట్టు పరిస్తే తడి పీల్చుకుంటుందనీ, దాన్నే పేడతో కలిపి మాగబెడితే అల్లం చేనుకు ఎరువవుతుందనీ స్నిగ్ధ అందరికీ చెప్పి ఒప్పించింది. ఒక్కటే జాగ్రత్త. టేకు, వేప కోసిన పొట్టు మాత్రమే యాదమ్మకు పోవాలి. ప్లైవుడ్ పొట్టులో జిగురు ఉంటుంది కాబట్టి దాన్ని వేరే సంచిలో మూతికట్టి మున్సిపాలిటీ బండికి ఇవ్వాలి.

అప్పటినుంచి వాడకట్టంతా స్నిగ్ధ పేరే. తిట్టిన పక్కింటివాళ్ళే ఆమెను పిలిచి చాయ్ పోశారు. యాదమ్మ చిన్నకోడలికని నెయ్యి పంపింది. రామచందర్ అన్నం తింటూ, చిన్నది మస్తు హుషారని మెచ్చుకుంటే నందిని కంచం పక్కకు జరిపింది. ఊడ్చేది ఇప్పటికీ తనే. సంచులు నింపేదీ తనే. ఆ నెయ్యి వేసుకోకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఒక మధ్యాహ్నం కార్ఖానాలో ఎవరూ లేనప్పుడు నందిని, యాదమ్మకు పోవాల్సిన సంచుల అడుగున ప్లైవుడ్ పొట్టు పోసి, పైన టేకు పొట్టు కప్పి, మూతులు కుట్టేసింది.

కొద్దిరోజులకే యాదమ్మ ఆటోలో మిగిలిన సంచులు వేసుకుని వచ్చింది.

"దూడ దగ్గుతున్నది బిడ్డా. కండ్లెంబడి నీళ్ళు ఆగుతలేవు" అంది స్నిగ్ధతో.

స్నిగ్ధ సంచి విప్పి అడుగున చేయి పెట్టింది. చేతిలోకి వచ్చిన ప్లైవుడ్ పొట్టును చూసి, ఒక్కసారి నందిని వైపు చూసింది. ఆమెకు అర్థమైపోయిందని నందినికి తెలిసింది. అయినా స్నిగ్ధ, "తప్పు నాదే పెద్దమ్మా. నేను జర చూస్కోవాల్సింది" అని తల దించుకుంది.

రామచందర్ స్నిగ్ధ మీద విసుక్కున్నాడు. నందిని ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే. కానీ అంతలోనే యాదమ్మ స్నిగ్ధ వీపు నిమిరింది.

"పోనీ తియ్యి. తప్పు ఒప్పుకునేటోళ్ళు ఎంతమందున్నరు? మంచిదానివి."

నందినికి ఒళ్ళంతా భగ్గుమంది. చివరికి తను చేసిన తప్పుతో కూడా స్నిగ్ధే మంచిదైపోయింది.

"ఆమె కలపలే. నేనే కలిపిన" అనేసింది.

అందరూ ఆమెనే చూశారు. ఎందుకని యాదమ్మ అడిగింది.

"ఊడ్చేటిది నేను. పేరు ఆమెది" అంది నందిని.

యాదమ్మ కోప్పడలేదు, ఓదార్చనూ లేదు. "అయితే నా కొట్టం గుడ నువ్వే ఊడ్వు, పా" అని ఆటో ఎక్కింది. నందిని వెంట వెళ్ళింది. జిగురు పొట్టంతా ఎత్తి సంచుల్లో కట్టి, నేల కడిగి, మంచి పొట్టు పరిచింది. తడిబట్టతో దూడ కళ్ళు తుడుస్తుంటే అది ఆమె చేయి నాకింది. అప్పుడొచ్చింది ఏడుపు.

దూడ కోలుకుంది. ఆ తర్వాత పొట్టు కావాల్సినప్పుడల్లా యాదమ్మ నందినికే ఫోన్ చేస్తోంది. మొదటిసారి ఆ ఫోన్ వచ్చిన రోజు స్నిగ్ధ ముఖం చిన్నబోయింది. నందినికి లోపల తియ్యగా అనిపించింది, అలా అనిపించినందుకు కాస్త సిగ్గూ వేసింది.

"ఇటు రా చెల్లె, సంచి మూతి పట్టు" అని పిలిచింది.

స్నిగ్ధ వచ్చి పట్టుకుంది. నందిని టేకు పొట్టు ఎత్తి అందులో పోసింది.